ఎక్స్‌రేలో నల్ల గీత: పిల్లల ఎముకల చివర ఏముంటుంది?

ప్రశ్న: మా బాబుకి పన్నెండేళ్లు, ఏడో తరగతి. పది రోజుల కిందట కాలనీలో సైకిల్ మీంచి పడ్డాడు. బరువంతా కుడి అరచేతి మీద ఆనింది, మణికట్టు వాచిపోయింది. ఎక్స్‌రే తీసి, 'గ్రోత్ ప్లేట్ దగ్గర దెబ్బ, సాల్టర్ హ్యారిస్ టైప్ 2' అని చీటీ మీద రాసి, ఎముక సరిచేసి సిమెంట్ కట్టు వేశారు. నాలుగు వారాలు ఉంచాలట. బయట జనం ఎక్కువగా ఉన్నారు, ఇంకేమీ అడగలేకపోయాను. ఎక్స్‌రే ఫొటో నా ఫోన్‌లో ఉంది. ఎముక చివరి ముక్క మిగతా ఎముక నుంచి పూర్తిగా ఊడిపోయినట్టుంది, మధ్యలో నల్ల గీత. ముంజేతిలో రెండు ఎముకలకీ అలాగే ఉంది. రెండూ విరిగాయా? చెయ్యి ఇక పెరగదా? బాబు పొట్టిగా ఉండిపోతాడా? మా అత్తయ్య గారు ఈ కట్టు తీయించేసి పుత్తూరు కట్టు కట్టిద్దామంటున్నారు, రోజూ పాయా సూప్ పట్టమంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, ముందు మీ నిద్ర సంగతి చూద్దాం. ఆ నల్ల గీత దెబ్బ వల్ల వచ్చింది కాదు. బాబు సైకిల్ ఎక్కకముందూ అది అక్కడే ఉంది. ఎడమ చేతికి ఎక్స్‌రే తీయించినా కనిపిస్తుంది, వాడి క్లాసులో ఏ పిల్లాడి మణికట్టు తీసినా కనిపిస్తుంది. రెండు ఎముకలకీ ఉండటమే దానికి గుర్తు. ఎక్స్‌రేలో సున్నం (కాల్షియం) ఉన్న చోటు తెల్లగా, లేని చోటు నల్లగా పడుతుంది. పెరిగే పిల్లల ఎముకకు చివరి టోపీకీ, కింది కాడకీ మధ్య సున్నం పట్టని మెత్తటి పొర ఒకటుంటుంది. మోకాళ్ల నొప్పులవాళ్లు 'గుజ్జు అరిగిపోయింది' అంటారు చూడండి, ఇదీ ఆ గుజ్జు జాతిదే. చీటీ మీద గ్రోత్ ప్లేట్ అని రాసింది దీని గురించే. మామూలుగా ఉండే ఆ పొరను చూసి ఎముక ఊడిపోయిందని మీరు అనుకున్నారు. మా ఫస్టియర్ విద్యార్థులు కూడా ఏటా అలాగే అనుకునేవారు. ముప్పై ఏళ్లు మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్పాను, పిల్లల ఎక్స్‌రే చూపించి 'ఎక్కడ విరిగింది?' అని అడిగితే సగం క్లాసు వేలు పెట్టేది ఆ గీత మీదే.

మరి అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో తర్వాత చెబుతాను. ముందు ఎముక చివర ఎలా ఉంటుందో తెలిస్తే మీ మిగతా ప్రశ్నలకు సగం జవాబులు అందులోనే దొరుకుతాయి. దానికి పెద్ద పుస్తకాలక్కర్లేదు, అత్తయ్య గారి పాయా సూప్ చాలు.

ఈ ఆదివారం మటన్ తెచ్చేటప్పుడు లేత మేకపిల్ల కాలి ఎముకను కీలు దగ్గర కొట్టకుండా సాంతం ఇమ్మనండి. బాగా ఉడికాక బయటికి తీసి, చివరనున్న గుండ్రటి బొడిపెను పట్టుకుని కొంచెం మెలిపెట్టండి. డబ్బా మూత ఊడినట్టు ఊడి చేతికొస్తుంది. కింద మిగిలిన ఎముక మొహం చూడండి, నున్నగా ఉండదు, గుట్టలూ గుంతలూగా ఉంటుంది. ఊడొచ్చిన మూత అడుగున సరిగ్గా వాటికి ఎదురు గుంతలూ గుట్టలూ ఉంటాయి. రెండూ కలిపితే పట్టు కుదురుతుంది. బతికున్నప్పుడు ఆ రెంటి మధ్య ఉన్నదే మీరు చూసిన నల్ల గీత, ఉడికేసరికి కరిగి వదిలేసింది. అదే ముదురు మేక ఎముకైతే మూడు విజిళ్లు కాదు, ముప్పై విజిళ్లు వచ్చినా మూత ఊడదు. అప్పటికి గుజ్జంతా ఎముకైపోయి రెండూ అతుక్కుపోయి ఉంటాయి. ఇది మాంసం వ్యాపారంలో తెలిసిన కిటుకే. కొన్ని దేశాల్లో గొర్రె ముందుకాలు కింది కీలు దగ్గర విరిచి, ఇలా ఊడితే లేతదనీ, ఊడకపోతే ముదురుదనీ లెక్క కడతారు.

ఊడిన ఆ మూతను పారేయకండి, ఇంకా పనుంది. దాని పైభాగం మీద వేలు రాయండి. నీలం కలిసిన తెలుపు, గాజులాంటి నునుపు. ఇది కీలులో రెండో ఎముకకు రాసుకునే గుజ్జు. మనిషి మోకాలిలో మామూలుగా 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందం. ఇందులో రక్తనాళాల్లేవు, నరాల్లేవు. నరాలు లేవు కాబట్టి రోజుకు వేలసార్లు రాసుకున్నా మనకు తెలియదు. రక్తం లేదు కాబట్టి ఒకసారి అరిగితే చర్మంలా మళ్లీ పూడదు. దీనికి తిండి కీలులోని జిగట నీటి నుంచే అందుతుంది. అడుగు వేసినప్పుడు నొక్కుకుని, ఎత్తినప్పుడు ఉబ్బి, స్పాంజిలా పీల్చుకుంటుంది. అందుకే కదలకుండా కూర్చుంటే కీలు బాగుపడుతుందనుకోవడం పొరపాటు. (ఇది మీ బాబుకు కాదు, మీ అత్తయ్య గారి మోకాళ్లకు.)

ఇప్పుడా మూతను కత్తిపీట మీద నిలువుగా కోయండి. లోపల గట్టి ఎముక ఉండదు. టీలో ముంచుకునే రస్కు విరిస్తే కనిపిస్తాయే, అలాంటి గూళ్లు, వాటి నిండా మూలుగ. ఎముక కాడేమో పైపులా ఉంటుంది, గోడ మందం, మధ్య బోలు. ఒకే ఎముకలో ఈ తేడా ఎందుకో చెబుతాను. మీరు తార్నాక వైపు వెళ్తే మెట్రో పిల్లర్లు చూసే ఉంటారు. కింద సన్నగా లేచి, పైకొచ్చేసరికి తల రెండు పక్కలా విప్పుకుంటుంది. పైన పట్టాల బరువు వెడల్పుగా ఉంటుంది, దాన్నంతా సన్నటి కాడలోకి దింపాలి. ఎముక చివరా అంతే. కీలు దగ్గర వెడల్పుగా లేకపోతే బరువంతా ఒక్కచోట పడి గుజ్జు నలిగిపోతుంది. వెడల్పుగానూ ఉండి, గట్టిగానూ ఉంటే మోయలేనంత బరువైపోతుంది. అందుకే పలుచటి పెంకు, లోపల గూళ్లు. ఎగిరి దూకినప్పుడు ఆ గూళ్లు కొద్దిగా ఒదిగి దెబ్బను మింగుతాయి కూడా. కీలును కట్టిపడేసే నారలకూ, కండర తాళ్లకూ పట్టు దొరికేది కూడా ఈ వెడల్పు మీదే.

ఆ గూళ్ల గోడలు ఎలా పడితే అలా ఉండవు. 1860ల్లో జ్యూరిక్‌లో మేయర్ అనే అనాటమీ ప్రొఫెసర్ నిలువుగా కోసిన తొడ ఎముక తల చూపిస్తుంటే, కుల్‌మాన్ అనే ఇంజినీరు చూసి ఆశ్చర్యపోయాడు. క్రేన్ మీద బరువు ఏయే దారుల్లో కిందికి దిగుతుందో తాను గీసే గీతల్లాగే ఎముకలో గోడలున్నాయి. తర్వాత 1892లో జర్మన్ సర్జన్ వోల్ఫ్ దీన్నొక సూత్రంగా రాశాడు: బరువు ఎటు పడితే ఎముక అటు గట్టిపడుతుంది, బరువు పడని చోట కరుగుతుంది. మీ బాబు విషయంలో ఇది మనకు కలిసొచ్చే సంగతి, గుర్తుంచుకోండి.

ఇక పెరిగే పొర. ఎముక రబ్బరులా సాగి పొడవవుతుందని చాలామంది అనుకుంటారు. 1727లో ఇంగ్లండ్‌లో స్టీఫెన్ హేల్స్ అనే మతగురువు ఒక కోడిపిల్ల కాలి ఎముకకు అర అంగుళం ఎడంలో రెండు చిన్న బెజ్జాలు పెట్టాడు. రెండు నెలలయ్యాక చూస్తే కాలు పొడుగైంది, బెజ్జాల మధ్య దూరం మాత్రం అదే అర అంగుళం. పెరుగుదలంతా చివర్లలోనే జరిగిందన్నమాట.

చివర్లో జరిగేది ఇది. ఇడ్లీ స్టాండులో ప్లేట్లు ఒకదాని మీద ఒకటి ఉన్నట్టు, పొరలో కణాలు వరసలుగా పేర్చి ఉంటాయి. మూత వైపు కొత్త కణాలు పుడుతుంటాయి. పాతవి కాడ వైపు జరుగుతూ, ఉబ్బి, చచ్చి, వాటి చుట్టూ సున్నం పేరుకుని, చివరికి ఆ జాగాలో ఎముక కూర్చుంటుంది. పైన ఎంత పుడుతుందో కింద అంత ఎముకవుతుంది, అందుకే పొర మందం ఏళ్ల తరబడి ఇంచుమించు అలాగే ఉంటుంది, మూత మాత్రం దూరం జరుగుతూ పోతుంది. ఆడపిల్లల్లో ఎక్కువ ఎముకలకు 14–16 ఏళ్ల నాటికి, మగపిల్లల్లో 16–18 నాటికి పొర మూసుకుపోతుంది. కాలర్ బోన్ (మెడ కింద భుజం దాకా అడ్డంగా ఉండే ఎముక) లోపలి చివర మాత్రం ఇరవై దాటాక కూడా తీరిగ్గా మూసుకుంటుంది. అండర్-16 క్రికెట్‌లో పిల్లల వయసు తేల్చడానికి మణికట్టు ఎక్స్‌రే తీస్తారని వినే ఉంటారు. వాళ్లు చూసేది ఈ పొరలనూ, మూతలనే. బర్త్ సర్టిఫికెట్ మార్చినట్టు వీటిని మార్చలేరు.

అసలు దెబ్బకు వద్దాం. ఆ వరసల్లో ఉబ్బిన కణాలున్న భాగం అన్నిటికన్నా బలహీనం. పిల్లల కీలు చుట్టూ ఉన్న నారలు దానికన్నా గట్టివి. మనం చెయ్యి ఆనించి పడితే నరం బెణికింది అనుకునేంత దెబ్బకి, వాళ్లకు ఈ పొర చీలుతుంది. 1963లో టొరంటోలో సాల్టర్, హ్యారిస్ అనే ఇద్దరు సర్జన్లు ఈ చీలికలను ఐదు రకాలుగా విడదీశారు. వాళ్ల పేర్లే మీ చీటీ మీద ఉన్నాయి. రెండో రకమంటే, చీలిక పొర వెంబడి కొంత దూరం పోయి, తర్వాత కాడ వైపు మళ్లి, ఎముక నుంచి చిన్న తునక విరుస్తుంది. ఫోన్‌లో చేతిని పక్కనుంచి తీసిన బొమ్మ తెరిచి పెద్దది చేసి చూడండి. బొటనవేలి వైపు ఎముకలో, నల్ల గీతకు ఆనుకుని కాడ వైపు సమోసా మూలలాంటి చిన్న త్రికోణపు ముక్క కనిపించవచ్చు. మీ చీటీని బట్టి విరిగింది అదీ, దాన్ని ఆనుకుని ఉన్న పొరలో కొంత భాగమూ. రెండు ఎముకలూ కాదు.

ఐదింటిలోనూ ఎక్కువగా వచ్చేది ఈ రెండో రకమే, పెద్దగా భయపడక్కర్లేని వాటిలో ఒకటి కూడా. ఎందుకంటే కొత్త కణాలు పుట్టించే వరస, దానికి రక్తం తెచ్చే నాళాలు మూత వైపు ఉంటాయి, చీలిక పోయేది వాటికి కింద నుంచి. ఫ్యాక్టరీ నిలబడింది, గోడౌను గోడ చీలింది, అంతే. మూడు, నాలుగు రకాల్లో చీలిక మూతనే చీల్చుకుని కీలులోకి పోతుంది. ఐదోదాంట్లో పొర నలిగిపోతుంది. వాటి సంగతి వేరు.

ఎంత వేరో నాకు ఇంట్లోనే తెలుసు. మా చిన్నాన్న గారబ్బాయి ఎనిమిదేళ్లప్పుడు చెట్టు మీంచి పడి మోచేతి బయటి వైపు మూత ముక్క విరగ్గొట్టుకున్నాడు. అది నాలుగో రకం, ఆపరేషన్ చేసి ముక్కను కూర్చాల్సింది. ఊళ్లో ఒకాయన చూసి బెణుకన్నాడు, నూనె రాసి లాగి కట్టాడు. ముక్క అతకలేదు. ఏళ్లు గడిచేకొద్దీ మోచేయి బయటికి వంగింది. నలభై దాటాక చిటికెనవేలు తిమ్మిరెక్కడం మొదలైంది, మోచేతి లోపలి వైపు నుంచి పోయే నరం రోజూ సాగీ సాగీ దెబ్బతింది. ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా తంటాలు పడతాడు. కట్టిన మనిషిలో దురుద్దేశం లేదు. ఎక్స్‌రే లేకుండా ఏ రకమో తెలిసే దారి ఆయనకు లేదు.

మీ ప్రశ్నలకొస్తాను. పొట్టి అవడం గురించి అస్సలు ఆలోచించకండి. మనిషి ఎత్తు వెన్నులోనూ కాళ్లలోనూ ఉంది, మణికట్టుతో దానికి పని లేదు. కాళ్లలో కూడా ముఖ్యంగా మోకాలి దగ్గర. తొడ ఎముక పెరుగుదలలో 70 శాతం దాని కింది చివరే చేస్తుంది. చేతిలో దీనికి తలకిందులు: మోచేయి దగ్గర పెరిగేది తక్కువ, భుజం దగ్గరా మణికట్టు దగ్గరా ఎక్కువ. ముంజేతి ఎముక పెరుగుదలలో నాలుగింట మూడొంతులు, అంతకన్నా కొంచెం ఎక్కువే, మణికట్టు దగ్గర జరుగుతుంది.

దీంట్లో మంచీ ఉంది, చెడూ ఉంది. మంచేమిటంటే, అంత జోరుగా పెరిగే చోటు కాబట్టి చిన్న వంకరలు మిగిలినా వాటంతట అవే సర్దుకుంటాయి. బాబుకి ఇంకా నాలుగైదేళ్ల పెరుగుదల ఉంది, వోల్ఫ్ సూత్రం తన పని తాను చేసుకుంటుంది. చెడేమిటంటే, పొర నిజంగా ఆగిపోతే బొటనవేలి వైపు ఎముక పొట్టిదై, పక్కది పెరుగుతూ పోయి మణికట్టు ఓ వైపుకి వాలుతుంది. మణికట్టులో రెండో రకం దెబ్బకి ఇలా జరిగేది వందలో పది మందికి లోపే. మోకాలి దగ్గరైతే ఇంత ధైర్యంగా చెప్పేవాణ్ని కాదు, తొడ ఎముక కింది చివర పొర ఆగిపోయే ప్రమాదం చాలా ఎక్కువ.

అత్తయ్య గారి మాట. పుత్తూరు కట్టును ఎగతాళి చేసే రకం కాదు నేను. నగరంలో ఏ రోడ్డు మీదికెళ్లినా ఆ బోర్డు కనిపిస్తుంది, పెద్దవాళ్ల మామూలు విరుగుళ్లు వాళ్ల చేతిలో అతుక్కోవడం మనందరం చూశాం. కానీ మీ బాబుది పొర దెబ్బ, పైగా పది రోజులైంది. పిల్లల ఎముక ఇప్పటికే అతుక్కోవడం మొదలుపెట్టి ఉంటుంది. ఇప్పుడు కట్టు విప్పి, లాగి సరిచేయబోతే ఇంతదాకా దెబ్బ తగలని కణాల వరస చిరుగుతుంది. వారం పది రోజులు దాటాక ఎముకల డాక్టర్లే ఈ పొర దగ్గర మళ్లీ లాగడానికి ఇష్టపడరు, కొద్దిపాటి వంకర ఉంటే పెరుగుదలకు వదిలేస్తారు. ఎవరి చేత్తోనైనా సరే, ఇప్పుడు లాగించకండి. నాలుగు వారాలయ్యాక కట్టు తీసినప్పుడు చెయ్యి సన్నగా, పొడి చర్మంతో, బిగుసుకుని కనిపిస్తుంది. అప్పుడూ మాలిష్ వద్దు. గోరువెచ్చటి నీళ్లలో పెట్టి వాడంతట వాడే ఆడించుకుంటే చాలు. అత్తయ్య గారికి మేకపిల్ల ఎముక మూత ఊడదీసి చూపించండి, నా మాటకన్నా అది బాగా పనిచేస్తుంది.

ఉన్న కట్టు విషయంలో ఒక్క జాగ్రత్త. వేళ్లు నీలం తిరిగినా, మొద్దుబారినా, నొప్పి తగ్గాల్సింది పోయి రోజురోజుకీ పెరిగినా, మీరు వాడి వేళ్లు మెల్లగా చాపితే కేక పెట్టినా, పొద్దున వెళ్దాంలే అనుకోకండి, ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్లండి.

పాయా సూప్ నిరభ్యంతరంగా తాగించండి, వాన పడే సాయంత్రం నేనూ తాగుతాను. కాకపోతే అందులో కరిగిన గుజ్జు నేరుగా వెళ్లి మణికట్టులో కూర్చోదు, పప్పులాగా గుడ్డులాగా అరిగి ప్రొటీన్‌గా మారుతుంది. ఎముకలు ఎంతసేపు మరిగినా సున్నం నీళ్లలోకి దిగేది కొంచెమే. కాల్షియం కోసమైతే పాలు, పెరుగు, నువ్వుండలు, రాగి జావ. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. దాంతోపాటు ఎండ. అపార్టుమెంటు పిల్లలకు కరువైంది అదే. విటమిన్ డి బాగా తగ్గితే ఈ పెరిగే పొరకే ముందు దెబ్బ, సున్నం పట్టక మణికట్టు దగ్గర ఉబ్బుతుంది. టీవీలో చూపించే ఎత్తు పెంచే పౌడర్ల మీద మాత్రం రూపాయి పెట్టకండి.

సైకిలూ క్రికెట్టూ కట్టు తీసిన మర్నాడే మొదలుపెడతానంటాడు. మూడు నాలుగు వారాలు ఆపి, డాక్టర్ గారు సరేనన్నాక పంపండి.

చివరగా, కట్టు తీసేశాక అయిపోయిందిలే అని ఫైలు అటక ఎక్కించకండి. పొర పెరుగుతోందా లేదా అన్నది ఇప్పుడెవరూ చెప్పలేరు. ఆరు నెలలు నిండాక ఒకసారి, ఏడాది నిండాక ఇంకోసారి ఎక్స్‌రే తీయించమని మీరే అడగండి. ఇప్పటి ఫొటో ఫోన్‌లో డిలీట్ కాకుండా చూసుకోండి, పక్కన పెట్టి పోల్చడానికి కావాలి. కొత్త ఎక్స్‌రేలో నల్ల గీతకు కాస్త కింద, కాడ వైపు, సన్నటి తెల్ల గీత ఒకటి కనిపించవచ్చు. దెబ్బ తగిలిన రోజుల్లో పెరుగుదల కొన్నాళ్లు మందగించి వదిలిన గుర్తు అది. ఆ తెల్ల గీత నల్ల గీతకు సమాంతరంగా, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఎడంతో ఉంటే, పొర అంతా సమానంగా పెరిగిందని అర్థం. ఒక మూల రెండూ దగ్గరైతే అక్కడ ఆగినట్టు, అప్పుడు పిల్లల ఎముకల డాక్టర్‌కి చూపించాలి. ఆ రోజు స్కేలు పెట్టి కొలుచుకుని, వీలైతే నాకో ఉత్తరం రాయండి.